జైనూర్ దారిలో పన్నెండు స్ట్రాలు

తెల్లవారుజామున నాలుగున్నరకు, కరీంనగర్ శివార్లలోని ఒక పరిశోధన ఆసుపత్రిలో కాపలాదారు మెడలో విషపు సూది దిగింది. ఏడింటికల్లా ఏజెంట్ జాన్సన్‌కు పిలుపు వచ్చింది.

సీక్రెట్ బ్యూరో ఆఫీసు ఒక టైర్ల షాపు పైన ఉంది. లోపలికి పోవాలంటే కోడ్ చెప్పాలి. "కొండగట్టుకు పోయినవా?" అని అడుగుతారు. "పోయిన, కోతులు కొబ్బరి గుంజుకున్నయి" అనాలి. ఆ ప్రశ్నకు ఈ జిల్లాలో ఎవరైనా ఇచ్చే జవాబు అదే. చాయ్ అమ్మేవాడు కూడా ఆ కోడ్‌తోనే రోజూ రెండుసార్లు లోపలికి వచ్చి పోతుంటాడు. ఈ కోడ్ కనిపెట్టినందుకు డైరెక్టర్ హనుమండ్లుకు ప్రశంసాపత్రం వచ్చింది.

హనుమండ్లు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. పోయినవి పన్నెండు స్ట్రాలు. పుల్లల్లాంటి సన్నని ప్లాస్టిక్ గొట్టాలు. వాటి నిండా రేవతి అనే తొమ్మిదేళ్ళ పిల్ల మూలకణాలు. ఆ పిల్లది సికిల్ సెల్ జబ్బు, రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగి నరాల్లో ఇరుక్కుంటాయి. డాక్టర్లు ఆమె ఎముకల్లోంచి రక్తం పుట్టించే కణాలు తీసి, వాటిలోని తప్పు జన్యువును సరిదిద్దారు. గడ్డకట్టినప్పుడు పగిలిపోకుండా, అవిసె నూనె నుంచి తీసిన ఒక కొవ్వు ఆమ్లంతో ప్రతి కణానికీ పూత వేశారు. ఈ పూత ఇంకెవరికీ చేతకాలేదు. చేతకాని వాళ్ళకు దొంగతనం చేతనవుతుంది కాబట్టి, 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా రంగంలోకి దిగింది.

"డెడ్‌లైన్?" జాన్సన్ అడిగాడు.

"సాయంత్రం ఆరు. పాత మజ్జను మందులతో చంపేసిన్రు. ఇయ్యాల గా కణాలు లోపలికి పోకుంటే పిల్ల బతకది. మల్ల తీద్దామంటే ఎముకలల్ల ఏం మిగల్లే."

నకలు తీసుకోవడానికి ఒక్క స్ట్రా చాలు. పన్నెండూ ఎత్తుకుపోయారు. ఒకటి చాలని తెలిసేంత చదువు కూడా ఈ అంతర్జాతీయ మేధావులకు లేదని జాన్సన్‌కు ఒళ్ళు మండింది.

గదిలో మూడో మనిషి మమతారాణి. ఆసుపత్రిలో రెండేళ్ళుగా న్యూట్రిషన్ కన్సల్టెంట్, రహస్యంగా బ్యూరో ఇన్ఫార్మర్. ఉదయం ఏడున్నరకే నల్లకళ్ళద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర, గదంతా సెంటు. స్ట్రాలు థర్మాస్ ఫ్లాస్కులో పెట్టుకుని, కొండగట్టు భక్తుడి వేషంలో కొరియర్ హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు పోతున్నాడని ఆమె తన సమాచారం చెప్పింది. హనుమండ్లు వెంటనే మూడు జీపులు, నలభై మంది పోలీసులతో కొండగట్టుకు బయలుదేరాడు.

జాన్సన్ కదల్లేదు. గడ్డకట్టించి ఉంచే ద్రవ నత్రజని లేని థర్మాస్‌లో ఆ కణాలు గంట కూడా బతకవు. ఆ ల్యాబులో రెండేళ్ళు తిరిగిన మనిషికి ఈ సంగతి తెలియకపోదు. ఏ ఎండకా గొడుగు పట్టే ఈ మహాతల్లి ఈరోజు ఎవరి గొడుగు కింద ఉందో అతనికి అర్థమైంది. "మీరు నాతో రండి మేడం. మీ తెలివి నాకు అవసరం" అన్నాడు. ఆమె ఆ పొగడ్తను నమ్మింది.

ఇక ఆలోచించాల్సింది ఒక్కటే. ద్రవ నత్రజని డబ్బాను పట్టపగలు బండికి కట్టుకుని పోతున్నా, ఈ జిల్లాల్లో ఎవరూ తలెత్తి చూడని మనిషి ఎవరు? బెల్లంపల్లి బొగ్గుగనుల క్వార్టర్లలో పెరిగిన జాన్సన్‌కు జవాబు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఊరూరా తిరిగి ఆవులకు, బర్రెలకు చూలు కట్టే సూదులు వేసే గోపాలమిత్ర. అతని పశువీర్యపు స్ట్రాలు ఉండేది కూడా ఆ డబ్బాలోనే.

బర్రెలు పెంచే తన తల్లి రిబ్కమ్మకు ఫోన్ చేశాడు.

"మొన్న ఆదివారం ప్రార్థనకు రాకపోతివి. ఫోనన్న చెయ్యకపోతివి. ఇప్పుడు సూదులేసేటోని ముచ్చట నీకెందుకురా?" అంటూనే ఆమె తమ గోపాలమిత్ర లచ్చయ్యను అడిగి, పది నిమిషాల్లో కబురు చెప్పింది. జైనూర్ గోపాలమిత్ర రాజేశం బండి, దాని మీది డబ్బా నిన్న సాయంత్రం హోటల్ ముందు నుంచి మాయమయ్యాయి. ఫిర్యాదు చేస్తే ఠాణాలో నవ్వారట. జైనూర్ దాటితే రాష్ట్ర సరిహద్దే, దొంగ వచ్చిన దారినే పోతాడు. బ్యూరోకు కోట్లు పెట్టినా దొరకని క్లూ పాలు పిండే మనిషి దగ్గర దొరికింది.

జాన్సన్ పత్తి దళారి వేషం వేశాడు. జేబులో పత్తి తడి చూసే మీటరు, చంకలో సంచి. చేతికి బ్యూరో ఇచ్చిన 'కోల్డ్ ట్రేసర్' వాచీ, చల్లని డబ్బా దగ్గరికి వస్తే వణుకుతుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. లక్సెట్టిపేటలో కుల్ఫీ బండి చూసి వణికింది, ఉట్నూర్‌లో కూల్‌డ్రింకుల షాపు చూసి వణికింది. దాన్ని విప్పి జీపు సీటు కింద పడేశాడు. మమతారాణి దారి పొడుగునా ఫోన్ మీద వేళ్ళు ఆడిస్తూనే ఉంది. అడవిలో సిగ్నల్ లేదు.

జైనూర్ దాటాక వేట తేలికైంది. చలికాలం బర్రెలు ఎదకు వచ్చే కాలం. ఈ రోజుల్లో గోపాలమిత్ర బండి కనిపిస్తే ఊరు ఊరంతా చెయ్యెత్తుతుంది, అతను ఆగుతాడు. ఆగకుండా పోయినవాడు ఇంతవరకు లేడు. మొదటి ఊళ్ళో ఒక ముసలాయన సూది సార్ పిలిచినా ఆగలేదని తిట్టాడు. రెండో ఊళ్ళో నలుగురు తిట్టారు. ఆ తిట్లను పట్టుకుని జాన్సన్ మూడో ఊరు చేరేసరికి పన్నెండున్నర.

అక్కడ దారికి అడ్డంగా ఒక బర్రె ఉంది. దాని పలుపు పట్టుకుని ఎల్లక్క అనే రైతు ఉంది. ఆమె ముందు దొంగ బండి ఆగి ఉంది. బండి మీదివాడు ఆర్కిడ్ కొరియర్. విదేశాల్లో రెండు డాక్టరేట్లు చేసినవాడని తర్వాత తెలిసింది.

"బర్రె ఎదకొచ్చి పొద్దుగాల నుంచి ఒర్లుతుంది సార్. గీ పూట దాటితే మల్ల మూడు వారాలు ఆగాలె" అంటోంది ఎల్లక్క.

తర్వాత వస్తానని వాడు గొణిగాడు. చుట్టూ చేరిన పదిమంది ఒప్పుకోలేదు. ఎవరో బండి తాళంచెవి తీసేశారు. సరిహద్దు అవతల వాడి దొర కారుతో ఎదురుచూస్తున్నాడు. ఒక స్ట్రా తగలేసి వీళ్ళ పీడ వదిలించుకుందామనుకున్నాడు కాబోలు, డబ్బా మూత తీశాడు. కొక్కెం పట్టి, స్ట్రాలున్న గిన్నె మొత్తాన్ని బయటికి ఎత్తి, మిట్టమధ్యాహ్నం ఎండలో పట్టుకుని, ఏది తీయాలా అని చూడసాగాడు.

ఇంకొన్ని క్షణాలైతే కణాలు కరుగుతాయి. రేవతికి ప్రాణం పోసేవి ఇంకేవీ లేవు. జాన్సన్ జీపు లోంచి దూకి పరుగెత్తాడు. ఇరవై అడుగులు. అందుకోలేనని తెలుస్తూనే ఉంది.

ఫెడీమని చప్పుడైంది. ఎల్లక్క పేడ చెయ్యి వాడి చెంప మీద పడింది. రెండో చెయ్యి గిన్నెను డబ్బాలోకి తోసింది.

"గిన్నెను డబ్బా మెడ దాటి మీదికి లేపుతరా ఎవలన్న? మా రాజేశం రెప్ప కొట్టేలోపట ఒక్క పుల్ల తీస్తడు. నువ్వు సూదేసేటోనివి కాదు. దొంగవు."

రెండు డాక్టరేట్లూ బురదలో పడ్డాయి. ఊరివాళ్ళు వాడిని పలుపుతాడుతోనే కట్టారు. జాన్సన్ డబ్బా ఎత్తుకుని వెనక్కి తిరిగేసరికి, మమతారాణి చేతిలో చిన్న పిస్తోలు ఉంది.

"డబ్బా కింద పెట్టు జాన్సన్."

జాన్సన్ డబ్బాను గుండెకు అడ్డంగా పట్టుకున్నాడు. "కాల్చు మేడం. చిల్లుపడ్డ డబ్బా తీసుకపోతే నీ దొర సన్మానం చేస్తడు."

ఆమె ఒక క్షణం ఆలోచించింది. వెనక పదిమంది కర్రలు పట్టుకుని వస్తున్నారు. పిస్తోలు తిప్పి కొరియర్‌కు గురిపెట్టి, "నేను మొదటి నుంచీ బ్యూరో వైపే. ఇది నా ప్లాన్" అంది. సిగ్గు అన్నది ఆమె డైట్ చార్టులో లేదు. జాన్సన్ పిస్తోలు లాక్కుని ఆమెను కూడా బర్రె పక్కనే కట్టించాడు. బర్రె కూడా ఇష్టం లేనట్టు పక్కకు జరిగింది.

డబ్బాలో రెండు వేళ్ళ నత్రజనే మిగిలింది. జైనూర్‌లో రాజేశం తన పెద్ద క్యాన్ లోంచి నింపాడు. తన బండి దొరికిందని తెలియగానే ఎల్లక్క దగ్గరికి పరుగెత్తాడు. అయిదూ యాభై రెండుకు జీపు ఆసుపత్రి ముందు ఆగింది. ఆరుకు ఒక్క నిమిషం ముందు మొదటి స్ట్రా రేవతి నరంలోకి దిగింది.

మూడు వారాల తర్వాత రేవతి రక్తంలో కొత్త కణాలు లేచాయి. గుండ్రంగా, ఒక్క వంకర లేకుండా. ఆపరేషన్ విజయానికి హనుమండ్లుకు పతకం వచ్చింది, కొండగట్టులో పదిహేడు మంది భక్తుల ఫ్లాస్కులు ఊడదీసి చాయ్ రుచి చూసినందుకు. జాన్సన్‌కు నవ్వు కూడా రాలేదు.

ఒకసారి పిల్లను చూడాలనిపించి ఆసుపత్రికి వెళ్ళాడు. గుర్తింపు బయటపెట్టకూడదని ఆర్డర్, అందుకే పాత వేషంలోనే వెళ్ళాడు. అద్దం అవతల రేవతి మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. ఆ పూట అతని కడుపు నిండిపోయింది. బయట బెంచీ మీద ఆమె తండ్రి రాయమల్లు ఉన్నాడు, కౌలుకు పత్తి వేసే రైతు.

"మీరెవలు సార్?" అని రాయమల్లు మర్యాదగా లేచి అడిగాడు.

"పత్తి దళారిని."

రాయమల్లు అతన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, బెంచీ మీది తన సంచిని ఒళ్ళోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాడు.