బేసు గిటారుకి లావు తీగలు

"ఈ మెడని ఎవరు పాడుచేశారు?"

ప్రేమ్ బజార్లో వాయిద్యాల కొట్టు కౌంటరు వెనకాల ఉన్న అమ్మాయి నా బేసు గిటారుని కంటి దగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు చూస్తా అడిగినాది. పేరు వినీత. కొట్టు వాళ్ళ నాన్న నగరేశ్వరరావు గారిది. మరమ్మతులు మాత్రం ఆవిడవే.

"నానేనండి. తీగలు గరగరలాడతన్నాయని మెడ లోపలి రాడ్డు బిగించినాను."

"ఏం పని చేస్తారు?"

"రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని."

"అదీ సంగతి. ఏది మోగినా బిగించేయడమే."

నాకు మండింది. తాత కాలం నుంచీ మా ఇంట్లో అందరం అదే సేస్తన్నాం మరి. బోగీలో ఏది కదిలినా స్పేనరు అందుకోవాల్సిందే. అయినా నా అవసరం నాది. ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మా బ్యాండు ప్రోగ్రాం. పాడే టోనీది బాగా కింది గొంతు, ఆడి కోసం బేసు శృతి కూడా కిందికి దించాలి. "ప్రశాంతూ, అప్పటికీ గరగరలాడితే కీబోర్డుతో కానిచ్చేస్తాం" అనీసినాడు. మూడేళ్ళు నేర్సుకున్నది స్టేజీ కింద కూకోడానికి కాదు కదా.

"ఈ సన్న తీగని ఇంత కిందికి దించితే బట్టలారేసుకునే తాడులా వేలాడుతుంది," అన్నాది వినీత. "తీగ లాగుడు తగ్గింది, మీరేమో రాడ్డు ఇంకా బిగించారు. మెడ వెనక్కి వంగింది. ఐదు తీగల సెట్టులో సన్నది పక్కన పెట్టి, లావువి నాలుగూ వేద్దాం. రాడ్డు వదులు చేస్తాను. కర్ర కుదురుకోడానికి రెండ్రోజులు పడుతుంది. ఈలోగా రాడ్డుని ముట్టుకోకండి."

తీగలు కూర్చునే గాట్లని ఆకురాయితో వెడల్పు సేసి, ఒక్కోటీ ఎక్కించినాది. నేను ఆ వేళ్ళనే చూస్తా ఉండిపోయినాను.

"చూడాల్సింది తీగల్ని," అన్నాది తలెత్తకుండానే.

మర్నాడు ఇంట్లో వాయిస్తే ఇంకా కొంచెం గరగర. ఆగలేకపోయినాను. రాడ్డుని పావు తిప్పు బిగించీసినాను.

శుక్రవారం కొట్టుకి పట్టుకెల్తే, వినీత మెడ వెంట ఒక్క చూపు చూసి గిటారుని కౌంటరు మీద పెట్టీసినాది.

"మళ్ళీ బిగించారు. నా మాట మీద నమ్మకం లేకపోతే పట్టుకెళ్ళిపోండి."

"ఎల్లను," అన్నాను. "తప్పు నాదే, సెయ్యి ఊరుకోలేదు. ఈపాలి గిటారు ఇక్కడే ఒగ్గేస్తాను. డ్యూటీ దిగి ఇక్కడికే వచ్చి ప్రాక్టీసు సేసుకుంటాను. మీరేటి సెప్తే అదే."

"ఇక్కడా? కొనేవాళ్ళు పారిపోతారు," అన్నాది గానీ, రాడ్డు మళ్ళీ వదులు సేసి, స్టూలు ఇటు జరిపినాది.

శనివారం సాయంత్రం ఒకటే వాన. వినీత గిటారు అడుగున తీగలు ఆనే దిమ్మల్ని వెనక్కి జరిపి, స్వరం సరిచూసి, గిటారు నా చేతికిచ్చినాది. అన్నిటికన్నా లావు తీగ మీటినాను. కౌంటరు అద్దం అదిరినాది గానీ గరగర లేదు.

గంతులెయ్యాల్సింది పోయి నాకు దిగులేసింది. రేపట్నించి ఇక్కడికి రాడానికి పనేటుంది?

"వినీత గారూ, మీరంటే నాకు సానా ఇష్టం. గిటారు బాగైపోయిందని రావడం మాన్లేను."

ఆవిడ ముఖం ఎర్రబడినాది. "మానమని నేనూ అనలేదు. నాన్న అదిగో ఉన్నారు. ఆయనకి చెప్పగలరా?"

ఎల్లి సెప్పినాను.

నగరేశ్వరరావు గారు పేపరు మడిచినారు. "మా అమ్మాయిని ఏడిపించిన గిటారు ఇదేనా? రేపొచ్చి వింటాను. మిగతాది తర్వాత చూద్దాం."

ఆదివారం హాలు నిండిపోయినాది. టోనీ గొంతు కిందికి దిగినాది, దానికింకా కింద నా తీగ మోగినాది. ఆడు వెనక్కి తిరిగి బొటనవేలు చూపించినాడు. రెండో వరసలో నగరేశ్వరరావు గారు చేతులు కట్టుకుని, ముఖంలో ఏ భావమూ తెలీకుండా కూర్చున్నారు. ఒక్క తప్పు కూడా వాయించకూడదనుకున్నాను. వాయించలేదు.

ప్రోగ్రాం అయ్యాక ఆయన స్టేజీ వెనక్కి వచ్చినారు.

"బాబూ, మీ నాన్నగారు ఇంట్లో ఎప్పుడుంటారు?"

"షిఫ్టు డ్యూటీ అండి. మీరు ఎప్పుడొస్తానంటే అప్పుడు సెలవు పెట్టిస్తాను."

"రేపు పెట్టించండి," అన్నాది వినీత, వాళ్ళ నాన్న వెనకాల్నించి.