తొమ్మిదో ప్రశ్న

పన్నుల ఆఫీసు నుంచి ఒకతను వచ్చి నా పేరు అడిగాడు. మా ముందుగదిలో మా అమ్మాయి ఊళ్ళో వాళ్ళకు ఆదాయపు పన్ను ఫారాలు నింపి పెడుతుంది. ఒక్కో ఫారం ఇరవై నాలుగు పేజీలు. ఎక్కడో తప్పు పడి ఉంటుంది, అమ్మాయిని పట్టుకుపోవడానికే వచ్చాడనుకున్నాను.

తీరా చూస్తే అతను వచ్చింది నా కోసమట. ఆ ఇరవై నాలుగు పేజీలనూ ప్రభుత్వం ఒక్క పేజీ చేస్తోందట. అంతగా చదువుకోని వాళ్ళు పదిమంది ఎక్కడా ఆగకుండా నింపితేనే అది అచ్చుకు వెళ్ళాలట. నేను ఎనిమిదితో బడి మానేసి కుట్టుమిషను పట్టుకున్నదాన్ని.

మా అమ్మాయి కుర్చీలోంచి లేచింది. "మా అమ్మకు పరీక్ష పెడతారా?"

"అమ్మగారికి కాదండీ, మా ఫారానికి," అన్నాడతను.

దానికి నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. నేను చూశాను.

పద్ధతి విచిత్రంగా ఉంది. నేను రాస్తుంటే అతను పక్కన కూర్చుని చూడాలి, నోరు మాత్రం మెదపకూడదు. నా పెన్ను ఆగిన చోటల్లా తన పుస్తకంలో ఒక గీత పెట్టుకోవాలి. తప్పు రాస్తే జైల్లో వేస్తారేమోనని ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాను. పన్నెండు ప్రశ్నల్లో ఆరింటి దగ్గర ఆగాను. అంతా అయ్యాక మా అమ్మాయి కాగితం లాక్కుని, 'ఆధారితుల సంఖ్య' అంటే ఎవరికి తెలుస్తుంది, మీ సంపాదన మీద బతికేవాళ్ళు ఎందరని అడగలేరా అని దెప్పింది. అతను ఆ మాటలే బుద్ధిగా రాసుకుని వెళ్ళాడు.

వచ్చే మంగళవారానికి ఆ మాటలతోనే కొత్త కాగితం తెచ్చాడు. ఆపై మంగళవారం ఇంకొకటి. నేను పెన్ను మూత పెట్టడమే ఆలస్యం, ఇద్దరూ వాదన మొదలుపెట్టేవాళ్ళు. అది అతనికి గీతల మాస్టారని పేరు పెట్టింది. పన్నుల గురించి మనుషులు అంత నవ్వుతూ పోట్లాడుకోవడం నేనెక్కడా చూడలేదు.

నాకేమో దిగులు. ఫారం తేలికైతే దీని దగ్గరకు ఎవరొస్తారు? కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నావే అన్నాను.

"జనం భయపడితేనే నాకు పని. అలా ఎన్నాళ్ళు బతకమంటావమ్మా?" అంది.

నాలుగో వారానికి కాగితమంతా నాకు తెలిసిపోయింది. తెలిసిందంటే అతనిక రాడు. ఆ రోజు నా పెన్ను తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగింది. నేనే ఆపాను. ఐదో వారమూ ఆపాను. ఇంకొక్కసారి వస్తే ఏమవుతుందో చూద్దామని.

ఆరో వారం అతను వాడిపోయిన ముఖంతో వచ్చాడు. మిగతా తొమ్మిదిమందీ నింపేశారట. ఎన్నిసార్లు మార్చినా తొమ్మిదో ప్రశ్న తేలడం లేదు కాబట్టి పాత ఫారమే ఉంచుదామని పై అధికారి అన్నాడట.

నేను నోరు మూసుకుంటే మా అమ్మాయి పని పోకుండా నిలుస్తుంది. దానివైపు చూశాను. ఆ ఒక్క పేజీ పట్టుకుని కళ్ళు తుడుచుకుంటోంది. తన బతుకుతెరువు నిలిచినందుకు ఎవరైనా ఏడుస్తారా?

"తొమ్మిదోది నాకు ఎప్పుడో తెలుసు నాయనా. నువ్వు మళ్ళీ రావాలని ఆగాను," అనేశాను.

అతను మా అమ్మాయి వంక చూశాడు. అది నేల వంక చూసింది.

మర్నాడు పై అధికారి ఎదుట కూర్చున్నాను. ఆగింది కావాలనే అని చెప్పి, పదకొండు నిమిషాల్లో పన్నెండూ నింపాను. నన్ను ఇక్కడే పట్టుకుంటారనుకున్నాను. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివి, అచ్చుకు పంపమని సంతకం పెట్టాడు.

ఆపై మంగళవారం అతను ఉత్త చేతులతో వచ్చాడు. గుమ్మం అవతలే నిలబడి, తనను పెళ్ళి చేసుకుంటారా అని మా అమ్మాయిని సూటిగా అడిగాడు.

అది నావైపు తిరిగింది. "నీకు భయంగా లేదా అమ్మా?"

"ఎందుకు లేదూ, బోలెడుంది. అయినా అడిగింది నిన్ను. ముందు అతనికి జవాబు చెప్పు."

"చేసుకుంటానండీ," అంది.

అప్పుడుగాని అతను చెప్పులు విప్పి లోపలికి రాలేదు.