మైక్రో పట్టని వరుస

అక్షరాలు ఆలస్యంగా నేర్చినదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించి, సరిదిద్దుకుని చదవండి. మెల్లగా రాసినా కథ మాత్రం పరుగెత్తుతుంది.

"పెసరట్టులో అల్లం ఉందా?" ఫోన్‌లో చీఫ్ చక్రపాణి గొంతు.

"ఉల్లి ఒక్కటే ఉంది." కోడ్ సరిపోయింది. అమెరికాలో, మోరిస్‌విల్‌లోని స్టాండర్డ్స్ ఆఫీసులో పత్రాల వరుసలు సర్దే ఫార్మాటర్ వేషంలో ఉన్న ఏజెంట్ రఘువీర్ తలుపు మూశాడు.

"మీ ఆఫీసు నుంచి విదేశీ ముఠాకి ఒక మెసేజ్ వెళ్లింది, 'మందు మారింది' అని. దానర్థం ఏమిటన్నావ్ నువ్వు?"

"వీకెండ్ పార్టీ గురించన్నాను సార్."

"ఆ మందు కాదోయ్. ఆసుపత్రుల్లో చుక్కచుక్కగా మందెక్కించే పంపులున్నాయే, వాటి స్టాండర్డ్, డోసుల లెక్కలుండే పత్రం. పన్నెండుకి రిలీజ్. వెంటనే పంపులన్నీ దాన్ని లోడ్ చేసుకుంటాయి. డోసు వెయ్యి రెట్లయింది. ఎవరు మార్చారు?"

రఘువీర్ గడియారం చూశాడు, పన్నెండుకి రెండే నిమిషాలు. చేతులారా మార్చింది తనే.

ఆ ఆఫీసు ప్లెయిన్ టెక్స్ట్ తప్ప మరొకటి ఒప్పుకోదు. బొమ్మలుండవు. ఇంగ్లిష్ కీబోర్డు మీద లేని గుర్తు ఏదైనా ప్రశ్నార్థకమైపోతుంది. మైక్రోగ్రాము గుర్తులోని 'మ్యూ' అనే గ్రీకు అక్షరం అలాగే పోయింది. ఏం పెట్టాలని అడిగితే ఎడిటర్ నమ్రత కాఫీ అందిస్తూ నవ్వింది. "ఎమ్ పెట్టెయ్ రఘూ." పెట్టేశాడు. ఎమ్ అంటే మిల్లీ, మైక్రోకి వెయ్యి రెట్లని బడిపిల్లలకీ తెలుసు. ఆ నవ్వు ముందు తనకే గుర్తు రాలేదు.

ఆమె గదిలోకి దూసుకెళ్లాడు. నమ్రత లిప్‌స్టిక్ అతనివైపు తిప్పింది. అది పిస్టల్. అంతకంటే ముందే అతని వాచీలోంచి మత్తుసూది ఎగిరింది. కుర్చీలోకి జారుతూ కూడా ఆమె నవ్వింది.

"ఆ గుర్తు ఇందులో పట్టదు. ట్రై చేసుకో."

నిమిషం కూడా లేదు. ఆమె కంప్యూటర్లోనే ఎమ్‌జీ తీసేసి మైక్రోగ్రామ్ అని ఇంగ్లిష్‌లో పూర్తిగా టైప్ చేశాడు. ఎర్రర్. వరుసకి డెబ్బై రెండు అక్షరాలే, ఏడు ఎక్కువయ్యాయి. అది పట్టికలో వరుస, కిందికి దించే వీల్లేదు. ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని మంచాలు! వరుసంతా మళ్లీ చదివాడు. 'సేఫ్‌లీ' అన్న మాట కనిపించింది, పక్క ఖాళీతో కలిపి ఇంగ్లిష్‌లో సరిగ్గా ఏడు. డిలీట్ చేసి సేవ్ నొక్కాడు. స్క్రీన్ మీద పన్నెండయింది.

సాయంత్రం చక్రపాణి ప్రింట్ తిరగేశాడు. "సేఫ్‌లీ ఎక్కడికి పోయిందోయ్?"

"ప్రాణాలకి అదే అడ్డమొచ్చింది సార్." రఘువీర్ తలెత్తలేదు. "ఆ ఎమ్ పెట్టింది నేనే."

"తెలుసు. రిపోర్టు రాయి. పొడి అక్షరాలొద్దు, పూర్తి మాటల్లో రాయి."

— గోరంట్ల వసంతలక్ష్మి, 69 ఏళ్లు, కాపెల్, టెక్సాస్