ఆ మంగళవారం పేజీ

ఊడిన కోటు గుండీకి జోడు దొరుకుతుందేమోనని పాత కుట్టుమిషను సొరుగు లాగిన సూది చేతికి, తన భర్త దేశం విడిచి వెళ్ళాలని చెప్పే ఉత్తరం తగిలింది. కవరు అప్పటికే ఎవరో చించారు. లోపలి కాగితం నాలుగు మడతలు పెట్టి, తుప్పు పట్టిన బాబిన్ల కింద దాచారు. కవరు మీది ముద్ర పదమూడు రోజుల కిందటిది. గడువు ఎప్పటివరకో చూసింది. అది ఆ రోజే. సాయంత్రం ఐదు గంటలు.

సూది అసలు పేరు కాదు. తండ్రి దర్జీ. పిల్లలకి ఆయన పెట్టిన ముద్దుపేర్లవి. సన్నగా, సూటిగా, తగిలితే గుచ్చుకునేలా ఉండే పెద్దది సూది. దాని వెనకాలే చిక్కులు పడుతూ తిరిగే చిన్నవాడు దారం. సూదికి ఆసుపత్రిలో రక్తం తీసే ఉద్యోగం వచ్చినప్పుడు, "పేరు సార్థకం చేసుకుంది మా అమ్మాయి" అని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వాడు ఆయన. సోఫాల కంపెనీలో గుడ్డ కత్తిరించే పరదేశి మనిషిని పెళ్ళి చేసుకుంటానని చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆమె ఉత్తరం మళ్ళీ చదివింది. భార్యతో కలిసి ఉండటానికి ఇచ్చిన వీసా అయిపోవస్తోందని, పొడిగించమని రెండు నెలల కిందట దరఖాస్తు పెట్టారు. పెళ్ళి కాగితాలు, ఫొటోలు, ఇరుగుపొరుగు సంతకాలు అన్నీ జతచేశారు. ఇప్పుడు వచ్చిన జవాబు ఇది. విచారణకి వెళ్ళిన అధికారితో ఇంటి సభ్యులొకరు, అతను ఆ ఇంట్లో ఉండటం లేదని, తమకి అతనితో ఏ సంబంధమూ లేదని చెప్పారు. అందువల్ల పొడిగింపు కుదరదు. ఆ మాట చెప్పిన మనిషే తప్పు చెప్పానని రాసి, సంతకం పెట్టి, గడువులోగా స్వయంగా తెచ్చి ఇస్తేనే దరఖాస్తు మళ్ళీ చూస్తారు.

విచారణ జరిగిన రోజు మంగళవారం. ఉదయం పదకొండు గంటలు.

ఆ మంగళవారం ఆమెకి బాగా గుర్తుంది. ఆమె, భర్త కలిసి వేలిముద్రలు ఇవ్వడానికి ఈ ఉత్తరం పంపిన ఆఫీసు ముందే వరసలో నిలబడి ఉన్నారు. వాళ్ళక్కడ వేళ్ళకి సిరా పూసుకుంటుంటే, ఇక్కడ ఎవరో వాళ్ళ కాళ్ళ కింద గొయ్యి తవ్వారు.

కోటు పక్కన పడేసి వంటింట్లోకి నడిచింది.

అమ్మ పాలు కాస్తోంది. తమ్ముడు రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని ఫోన్ చూస్తున్నాడు. ఆమె ఉత్తరాన్ని బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా అన్నట్టు ఉప్పు డబ్బా దాని మీద దబ్బున పెట్టింది.

"ఇది ఎవరు దాచారు?"

అమ్మ పొయ్యి తగ్గించి వంగి చూసింది. "ఏంటే అది?"

"మీ అల్లుడి ప్రయాణం టికెట్టు. దారం, నువ్వు చెప్పు."

"నన్నెందుకు అడుగుతావ్?"

"మా పెళ్ళయ్యాక గది పోయింది నీకే కదా. కటింగు బల్ల మీద పడుకుంటున్నది నువ్వే కదా. ఆయన సామాన్లు సర్దుకుంటే మొదట మంచం వేసుకునేది నువ్వే కదా."

దారం రొట్టె కింద పెట్టాడు. ఉత్తరం చదివాడు. చదువుతుంటే వాడి చెవులు ఎర్రబడ్డాయి. "నేనా? రెండేళ్ళుగా బల్ల మీద పడుకుని నడుం వంగిపోతుంటే ఒక్కరోజు నోరెత్తానా? నా బండి చెడిపోతే అర్ధరోజు ఎండలో కూర్చుని బాగుచేసింది ఎవరు, నువ్వా? బావ. ఆయన్ని పంపేసి ఆ మంచం మీద నేను నిద్రపోతానా?"

"మరి ఎవరు? ఉత్తరానికి కాళ్ళొచ్చి సొరుగులో దూరిందా?"

"నెమ్మదిగా మాట్లాడవే, వీధిలోకి వినబడుతుంది," అంది అమ్మ.

"వినబడనీ. పది గంటలకి ఆ ఆఫీసు తీస్తారు. అడిగితే ఎవరన్నదీ వాళ్ళే చెప్తారు. పరాయివాళ్ళ నోట వినేకంటే మీ నోట వింటాను. మంగళవారం పదకొండింటికి ఈ ఇంట్లో ఎవరున్నారు?"

"నేను మోకాళ్ళ డాక్టరు దగ్గరున్నాను. మందుల చీటీ మీద తేదీ ఉంటుంది, కావాలంటే చూసుకో." అమ్మ పాలగిన్నె దించి పెట్టింది. "కన్నతల్లిని కూడా నిలదీస్తున్నావు. బాగుంది."

"నేను బళ్ళో యూనిఫారాల కొలతలు తీసుకోవడానికి వెళ్ళాను," అన్నాడు దారం. "వచ్చి పుస్తకంలో ఎక్కించాను. నా చేతిరాతే ఉంటుంది. పద, చూపిస్తా."

ముగ్గురూ ముందు గదిలోకి వచ్చారు. దుకాణం అదే. గోడ నిండా మేకులు. మేకుకొకటిగా పాత ఖాతాదార్ల కొలతలకి కత్తిరించిన నమూనా కాగితాలు, తోళ్ళు ఆరేసినట్టు వేలాడుతున్నాయి. కటింగు బల్ల మూల కొలతల పుస్తకం. ఆ ఇంట్లో దానికున్న మర్యాద మనుషులకి లేదు. ఎవరు కొలిస్తే వాళ్ళే రాయాలి, కొట్టివేతలు ఉండకూడదు, కాగితం చింపకూడదు. ఒకసారి అమ్మ సరుకుల చీటీకని చివర్నుంచి ఓ ఖాళీ కాగితం చింపితే, తండ్రి మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

దారం పేజీలు తిప్పాడు. సోమవారం. తరవాత బుధవారం.

మధ్యలో, కుట్టు దగ్గర, చిరిగిన అంచు పళ్ళలా నిలబడి ఉంది.

అమ్మ మెల్లిగా స్టూలు మీద కూర్చుంది. ఆ పుస్తకంలో కాగితం చింపే ధైర్యం ఈ ఇంట్లో ఒక్క మనిషికే ఉందని ముగ్గురికీ తెలుసు.

"బళ్ళో కొలతలు నేను రాశానక్కా," అన్నాడు దారం నీరసంగా. "ఒట్టు. ఈ పేజీలోనే రాశాను."

సూది సోమవారం పేజీ దగ్గరికి లాక్కుంది. తండ్రి రాత పెద్దపెద్ద నల్ల అంకెల్లో ఉంది. ఈమధ్య ఇంత పెద్దగా రాస్తున్నాడేమిటా అని ఎప్పుడో ఒకసారి అనుకుంది. అనుకుని వదిలేసింది. ప్రతి అంకె కిందా పెన్సిలుతో సన్నగా ఇంకో అంకె ఉంది. నడుం ముప్ఫై నాలుగు అని పైన ఉంటే, కింద ముప్ఫై ఏడు. ఆ ఏడు అంకెకి మధ్యలో అడ్డగీత. ఈ ఇంట్లో ఏడుని అలా రాసేవాడు ఒక్కడే. వాళ్ళ దేశం బడిలో అలాగే నేర్పారట.

వెనక్కి తిప్పింది. ఇంకా వెనక్కి. ఎనిమిది నెలల పేజీల్లో పెన్సిలు అంకెలు ఉన్నాయి.

అప్పుడే పెరటి తలుపు గుమ్మానికి తల తగలకుండా వంగి, తడి తువ్వాలు భుజాన వేసుకుని పొడుగాయన వచ్చాడు. వీధంతా అతన్ని అలాగే పిలుస్తుంది. తెలుగు బాగానే పట్టుబడింది గాని, 'మీరు' ఒక్కటే వంటబట్టింది. భార్యని మీరంటాడు, బావమరిదిని మీరంటాడు, దారం తెగితే కుట్టుమిషనుని కూడా "మీరెందుకిలా చేస్తున్నారు" అని అడుగుతాడు.

"ఏమైంది? మీరందరూ ఎందుకు నిలబడ్డారు?"

సూది ఉత్తరం అతని చేతిలో పెట్టింది. అతను చదివేదాకా ఆగింది. అతను చదివి, జాగ్రత్తగా మళ్ళీ అవే మడతల్లో పెట్టాడు.

"ఈ పెన్సిలు అంకెలు ఏమిటి?" అంది పుస్తకం ముందుకు తోసి.

అతను పుస్తకం వంక చూసి తల దించుకున్నాడు.

"మిమ్మల్నే. నాకు తెలియకుండా ఈ దుకాణంలో ఎనిమిది నెలలుగా ఏం జరుగుతోంది?"

"నేను చెప్పకూడదు. ఆయన పరువు."

"మీ పరువు మాటేమిటి? సాయంత్రం ఐదు దాటితే మీరు ఎక్కాల్సింది విమానం. ఇల్లంతా ఆయన పరువుని దుప్పట్లో చుట్టి జోలపాడుతోంది. నేను పెళ్ళాన్నా, పక్కింటిదాన్నా?"

అతను తువ్వాలు మడతపెడుతూ అన్నాడు. "టేపు మీద అంకెలు ఆయనకి సరిగ్గా కనబడటం లేదు. ఆయన టీకి వెళ్ళినప్పుడు గోడ మీది నమూనాలు చూసి నేను సరిచేస్తాను. గుడ్డ మీది సుద్ద గీతలు కూడా. మంచి పేరున్న మనిషి. కోటు బిగుతైతే జనం నవ్వుతారు. అంతే."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సోఫాలు కుట్టేవాడు కోట్లేం కుడతాడని దెప్పుతుంటే, మాట్లాడకుండా ఊరుకున్నావా నాయనా."

"సోఫాలు కుట్టేవాణ్ణే కదా అండీ."

వీధి గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. పొద్దుటి నడక ముగించుకుని తండ్రి, వీధివాళ్ళ దర్జీ మాస్టరు, లోపలికి వచ్చాడు. మెడలో టేపు. నిద్రలేవగానే వేసుకుంటాడు, పడుకునేటప్పుడు తీస్తాడు. బల్ల చుట్టూ నలుగురూ, వాళ్ళ మధ్య విప్పి ఉన్న పుస్తకం. అడుగు అక్కడే ఆగిపోయింది.

"పుస్తకం ఎవరు తీశారు?" అన్నాడు అలవాటుగా.

"మంగళవారం ఎక్కడ నాన్నా?" అంది సూది.

"ఏ మంగళవారం?"

"మీరు చింపిందే. మా ఆయనకి ఈ ఇంటితో సంబంధం లేదని మీరు చెప్పిన రోజు."

"పెద్దాణ్ణి పట్టుకుని ఇలాగేనా మాట్లాడటం?"

"ఇంకా మొదలుపెట్టలేదు. నచ్చకపోతే పెళ్ళినాడే వద్దని అడ్డం పడాల్సింది. రెండేళ్ళు ఒకే పళ్ళెంలో చెయ్యి కడుక్కుని, వెనక నుంచి కత్తెర వేస్తారా? దొంగ కూడా తిన్న ఇంటికి కన్నం వెయ్యడానికి సిగ్గుపడతాడు. ఉత్తరం వస్తే దాన్ని కూడా దాచారు. పదమూడు రోజులు. రోజూ నా ఎదురుగా కూర్చుని భోంచేశారు. ఆయన వడ్డిస్తే తిన్నారు. ముద్ద ఎలా దిగింది నాన్నా?"

"అమ్మాయ్, ఇక చాలు," అంది అమ్మ.

"చాల్లేదు. ఆయన వెళ్తే నేనూ వెళ్తాను. మీ దుకాణం, మీ పుస్తకం, మీ మర్యాద అన్నీ మీ దగ్గరే పెట్టుకోండి. వీధిలో ఎవరైనా అడిగితే నాకు కూతురు లేదని చెప్పండి. అలవాటైన అబద్ధమే కదా."

"అలా అనకండి," అన్నాడు పొడుగాయన. ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

మాస్టరు నడిచి వచ్చి బల్ల అంచు తడిమాడు. నిజంగానే తడిమాడు. అంచు ఎక్కడుందో చెయ్యి వెతుక్కోవడం ఆమె అప్పుడే మొదటిసారి గమనించింది. మనుషుల చేతుల్లో కనబడని నరం వెతికి పట్టుకునే తను, ఒకే ఇంట్లో ఉండి ఇది చూడలేదు. కోపం తగ్గలేదు. దాని పక్కన ఇంకేదో వచ్చి నిలబడింది.

ఆయన జేబులోంచి ఒక మడత తీసి బల్ల మీద పెట్టాడు. చిరిగిన పేజీ. మడతలు నలిగి మెత్తబడి ఉంది.

"ఉత్తరంలో ఏముంది?" అన్నాడు.

"ఏముందో తెలియకుండానే దాచారా?"

ఆయన చిరిగిన పేజీ మడతని వేలితో సాపు చేశాడు.

"ఇవాళ సాయంత్రంలోగా మీరు తప్పు ఒప్పుకుని రాసివ్వకపోతే, మా ఆయన్ని వెళ్ళగొడతారు. అదీ ఉన్నది."

ఆయన స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. కాసేపు మెడలోని టేపుని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"కాగితం, కలం తెచ్చుకో."

"మీరు రాయాలి. నేను కాదు."

"నేను చెప్తాను, నువ్వు రాయి. సంతకం నాది. నేనే వచ్చి వాళ్ళ ఎదురుగా ఇస్తాను."

ఆమె దారం తెచ్చిన కాగితం లాక్కుంది. కలం మూత పళ్ళతో తీసింది. "ముందే చెప్తున్నా. ఇది రాసినంత మాత్రాన ఇవాళ క్షమించమని నన్ను అడక్కండి."

"అడగను. రాయి." మాస్టరు గొంతు సవరించుకున్నాడు. కొలతలు పైకి చదివినట్టు, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు. "ఆ మంగళవారం పొద్దున బస్సు కంపెనీ మేనేజరు వచ్చి కొత్త కోటు తొడుక్కుని చూసుకున్నాడు. మాస్టారూ, ఇరవై ఏళ్ళలో నాకింత బాగా ఏ కోటూ కుదరలేదన్నాడు. పొంగిపోయాను. ఆ కొలతలు ఇంకోసారి చూసుకుందామని భూతద్దం పెట్టి పుస్తకం తీశాను. నా అంకెల కింద వేరే అంకెలు కనిపించాయి. ఒక్కటీ నాతో కలవలేదు. కుదిరిన కోటు వాటిది. నాది కాదు. నలభై ఏళ్ళు ఈ వీధిని కొలిచినవాణ్ణి. నాకు తెలియకుండా నన్ను ఒకడు సరిదిద్దుతున్నాడు, అదీ నేను రోజూ దెప్పేవాడు. దెప్పితే తిరిగి ఒక్క మాట అనివుంటే కోపం ఇంత వచ్చేది కాదు. వాడి మంచితనం మీద మంట పుట్టింది. మిగతా పేజీలు చూస్తే అన్నింట్లోనూ అదే. ఇన్ని పేజీలు చింపడానికి చెయ్యి రాలేదు. అప్పుడే మీ మనిషి గుమ్మంలోకి వచ్చి, మీ అల్లుడు ఇక్కడే ఉంటాడా అని అడిగాడు. నాకు అల్లుడే లేడు, అలాంటివాడెవడూ ఈ ఇంట్లో లేడు అన్నాను. అది అబద్ధం. ఈ ఇంట్లో లోపలి గదిలో పడుకునేది వాడే. ఈ దుకాణం పేరు నిలబెడుతున్నదీ వాడే. ఆ రోజే లేకుండా పోవాలని, సాయంత్రం మావాడు బడి కొలతలు ఎక్కించి వెళ్ళాక ఆ మంగళవారం పేజీ చింపేశాను. ఉత్తరం వచ్చినప్పుడు ముద్ర చూసి భయపడి విప్పాను. అక్షరాలు చీమల్లా పాకాయి. భూతద్దానికి కూడా అందలేదు. చదివిపెట్టమని ఎవరినైనా అడిగితే కళ్ళు పోయాయని తెలిసిపోతుంది. చేసిన పని కూడా తెలిసిపోతుంది. అందుకే దాచాను. రాశావా?"

సూది కలం ఆగింది. కాగితం మీద ఒకచోట సిరా తడిసి పాకింది. కళ్ళు ముంజేత్తో తుడుచుకుని, "రాశాను," అంది.

మాస్టరు కలం అందుకున్నాడు. కాగితం మీదికి వంగాడు, ఇంకా వంగాడు, ముక్కు తగిలేంతగా వంగాడు. కలం ఎక్కడా ఆనలేదు. రెండేళ్ళుగా గోడకి చెప్పినట్టు మాట్లాడిన మనిషి, ఈసారి తలెత్తి ఎదురుగా ఉన్న పొడుగాటి నీడ వైపు చూశాడు.

"అల్లుడూ, సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించు. నాకు గీత కనబడటం లేదు."