కత్తిపీట మీద పుట్టగొడుగు

"మా ఆయనకేమైనా అయితే నన్ను జైల్లో పెట్టేస్తారు బాబూ!" అంటూ కుంతల బరంపురంలో ప్రైవేట్ డిటెక్టివ్ నిరాకార్ రథ్ ఆఫీసు గడప మీదే కూలబడింది.

ఆమె తన పల్లెలో గడ్డిని మందునీళ్ళలో నానబెట్టి ఆరేసి, సంచుల్లో కట్టి, వాటిలో ఢింగ్రీ పుట్టగొడుగులు పెంచుతుంది. సోమవారం వాటికే ఆవ పెట్టి, కూర పొయ్యి మీద ఉంచి సంతకెళ్ళింది. అది తిన్న భర్త బిదు ఆసుపత్రి పాలయ్యాడు. అందులో విషపు పుట్టగొడుగులు కలిశాయని ఎవరో ఆడమనిషి ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పిందట. కలిపింది కుంతలేనని ఊరంతా ఆడిపోసుకుంటోంది.

కుంతల ఇంట్లో మిగిలిన కూరను రథ్ పుల్లతో కదిపి చూశాడు. కొన్ని ముక్కలు నారలా చీలి ఉన్నాయి. కొన్ని నున్నగా తెగి ఉన్నాయి. సహాయకుడు సనాతన్‌కి అందులో వింతేమీ కనబడలేదు.

"పొయ్యి దగ్గర ఎవరున్నారు?"

"మా తోటికోడలు జేమా అక్క. నిప్పు కోసం పక్కింటి రేబతి వచ్చిందట."

"వచ్చాను, ఒక్క బొగ్గుముక్క ఇచ్చి పంపేసింది మహాతల్లి!" అంది రేబతి.

"నేను సోమవారం ఆమిషం ముట్టను, పుట్టగొడుగులూ నీచు కిందే లెక్క. అయినా దాని పుట్టగొడుగులు నేనేనాడు ముట్టాను గనక!" అంది జేమా.

పెరట్లో కొయ్యకి ఉత్త పలుపు వేలాడుతోంది.

"ఆవు ఏదమ్మా?" అడిగాడు రథ్.

"చచ్చిపోయింది," అంది జేమా. కుంతల తల దించుకుంది.

మర్నాడు రథ్ అందరినీ వాకిట్లో కూర్చోబెట్టాడు. కానిస్టేబుల్ కూడా వచ్చాడు. ఢింగ్రీ బుట్ట, కత్తిపీట ముందు పెట్టించి, "ముగ్గురూ కూరకి సిద్ధం చేయండి" అన్నాడు.

కుంతల, రేబతి చేత్తో చీల్చసాగారు. జేమా కత్తిపీట లాక్కుని, కాలితో నొక్కిపెట్టి తరగడం మొదలుపెట్టింది. మూడో ముక్కకి రేబతి చీల్చడం ఆపి ఆమె చేతి వంక చూసింది.

"ఢింగ్రీని ఇక్కడ ఎవరూ తరగరు, చీలుస్తారు," అన్నాడు రథ్. "గిన్నెలో విషపు ముక్కలన్నీ కత్తికి తెగినవే. ఢింగ్రీ ఎన్నడూ వండని చెయ్యి ఈ ఇంట్లో నీదొక్కటే. కుంతల మందునీళ్ళలో నానబెట్టి ఆరేసిన గడ్డి నీ ఆవు తింది. అవునా?"

జేమా దాచలేదు.

"నా గౌరి గిలగిల్లాడి చచ్చింది. ఇదేమో పాము కరిచుంటుందంది! గడ్డికి మందుందని ఒక్క మాట చెబితే పశువుల డాక్టరు బతికించేవాడు కాదా? ఆ బాధేమిటో దీనికీ తెలియాలనే కలిపాను."

అప్పుడే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. బిదు గండం గడిచిందట. కుంతల భోరుమంది.

కానిస్టేబుల్ వెంట వెళ్తూ జేమా గుమ్మం దగ్గర ఆగింది.

"నీ మొగుడు ఏం తిన్నాడో ఫోన్ చేసి చెప్పింది నేనేనే. నా గౌరి ఏం తిందో నువ్వు చెప్పలేదు."