అముద తెల్లకోటు

కోసపాళయంలో మా ఫ్లెక్సు అంగడికి మూడు రకాల పనులొస్తాయి: పెళ్ళి, చెవికుట్టు, చావు. పదహారేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చుని ఈ మూడింటికీ నేనే బొమ్మలు దిద్దుతున్నాను. ఒకప్పుడు చావు ఫ్లెక్సుకు ముసలివాళ్ళ ఫొటోలు వచ్చేవి. బుగ్గల మీద ముడతలు కాస్త తగ్గించి, వెనకాల మబ్బులు పెట్టి, పైన 'కన్నీటి అంజలి' అని వేస్తే పని అయిపోయేది. ఇప్పుడు హాల్ టికెట్ ఫొటోలు తెస్తున్నారు. ముడతలు తీసే పనే ఉండదు. ఊరు పెరిగింది, కోచింగ్ సెంటర్లు పెరిగాయి, ఐదంతస్తుల ఫ్లాట్లు లేచాయి, వాటితో పాటు ఇవీ పెరిగాయి. ఎలా పోయారని మొదట్లో అడిగేవాణ్ణి. ఇప్పుడు సైజు మాత్రం అడుగుతాను. ఓపిక లేదు.

అముద అనే పిల్ల చావు ఫ్లెక్సు కోసం వాళ్ళ నాన్న నరేంద్రన్ గోరిమేడు నుంచి వచ్చాడు. మెడికల్ ఎంట్రెన్స్ ఫలితాలు వచ్చి మూడు రోజులైంది. పిల్లకు పద్దెనిమిదేళ్ళు. స్కూలు యూనిఫాంలో ఉన్న ఫొటో ఇచ్చి, డాక్టరు కోటు వెయ్యడానికవుతుందా అని అడిగాడు. మా దగ్గర కోట్లు, పట్టుచీరలు, కిరీటాలు అన్నీ ఫైళ్ళలో రెడీగా ఉంటాయి, తల అతికించడమే. ఐదు గుండీల తెల్లకోటు వేశాను. అతను అడక్కపోయినా మెడలో స్టెతస్కోపు కూడా వేశాను.

సాయంత్రానికి ఆ ఫ్లెక్సు తిరిగొచ్చింది. పిల్ల తల్లి మరగతం దాన్ని చూసి వీధిలోనే కూలబడిందట. చచ్చినాక కూడా దాన్ని వదలరా, ఆ కోటు తీసెయ్యండి అని ఏడ్చిందట. యూనిఫాంతో ఇంకొకటి వేసిచ్చాను. కోటుది నా దగ్గర మిగిలిపోయింది.

మిగిలిన ఫ్లెక్సును పారేసేవాడు మా పనిలో ఎవడూ లేడు. కొందరు ఆటోకు కప్పుతారు, కొందరు దాని మీద వడియాలు ఎండబెడతారు. మా మిద్దె మీద ఒక రేకుల గది ఉంది. వెలుతురు కోసం రేకుల మధ్య ఒక ఫైబర్ షీటు వేయించాను. ఎండకు ఆ గది పొయ్యిలా కాగుతుంది. మా అమ్మాయి సరణ్య చదువుకునేది అందులోనే. దానికి చల్లగా ఉంటుందని ఆ ఫ్లెక్సును రేకుల కింద తాళ్ళతో కట్టాను. బొమ్మ పైకి, తెలుపు కిందికి. కింద కూర్చున్నవాళ్ళకు తెలుపు తప్ప ఏమీ కనిపించదనుకున్నాను.

సరణ్య ఎంట్రెన్స్ రెండోసారి రాస్తోంది. మొదటిసారి పోయినప్పుడు నేనన్న మాట ఇక్కడ చెప్పుకోవాలి. ఈసారీ పోతే నాకు ముఖం చూపించకు అన్నాను. తండ్రులందరూ అనే మాటే కదా అనుకుని అన్నం తిన్నాను. అది తినలేదు.

ఫ్లెక్సు కట్టిన తరవాత సరణ్య మారింది. ఉక్క అని గొణగడం లేదు. మధ్యాహ్నం కూడా కిందికి రాదు. సన్నగా మాటలు వినిపిస్తే పాఠాలు వల్లె వేస్తోందని అంగట్లో గొప్పగా చెప్పుకున్నాను. నా భార్య పరిమళ మేట్టుపాళయంలో ప్యాకింగ్ పనికి పోతుంది. పిల్ల పైకి రెండు గ్లాసుల కాఫీ తీసుకుపోతోందని ఒకసారి చెప్పింది. నిద్ర రాకుండా తాగుతోందిలే అన్నాను.

ఐప్పసి నెల వానలు మొదలయ్యాయి. ఆ రోజు సాయంత్రం ఆరున్నరకు కరెంటు పోయింది. మెషిన్ ఆగిపోతే చేసేదేముంది, ఇంటికొచ్చేశాను. పరిమళ ఇంకా రాలేదు. ఇల్లంతా చీకటి. వాన వాసన రావలసిన చోట ఇంకేదో వాసన... ఘాటుగా, ముక్కు మండేలా. అప్పుడే మెషిన్ లోంచి దిగిన ఫ్లెక్సు వాసన. పైనున్నది కట్టి నాలుగు నెలలైంది.

మెట్లెక్కాను. లోపల సరణ్య గొంతు. ఆగింది. ఎవరో చెప్పేది వింటున్నట్టు... చాలాసేపు ఆగింది.

"సరేలే అక్కా," అంది.

తలుపు తోశాను. మసకచీకట్లో చాప మీద కూర్చుని ఉంది. పుస్తకం మూసి ఉంది. రెండు గ్లాసులూ ఖాళీగా ఉన్నాయి.

"ఎవురితో మాట్లాడతా ఉండావు?"

"అక్కతో."

"యాడుండాది అక్క?"

తల ఎత్తకుండా వేలు పైకి చూపించింది.

అప్పుడే పక్క ఫ్లాట్ల జనరేటరు మోగింది. వాళ్ళ మిద్దె మీది పెద్ద లైటు వెలిగి, ఫైబర్ షీటులోంచి మా గదిలోకి దిగింది. ఫ్లెక్సులో ముఖం తేలింది. రోజూ మధ్యాహ్నం ఎండకు కూడా ఇలాగే తేలేదని అప్పుడర్థమైంది. నాలుగు నెలలు. నా బిడ్డ దాని కిందే కూర్చుంది.

అముద కళ్ళు నేను తిన్నగా పెట్టాను. నాకు బాగా గుర్తు. ఇప్పుడు కిందికి చూస్తున్నాయి... సరణ్య నడినెత్తి మీదికి. రేకుల సందులోంచి కారిన నీళ్ళు నిండి ఫ్లెక్సు కిందికి దిగింది. కోటు భుజాలు రెండూ వేలాడుతున్నాయి. ఇంకొక్క జానెడు దిగితే దాని జుట్టుకు తగులుతాయి.

"అక్కకు కోటు బరువుగా ఉండాదంట నాయినా," గుసగుసగా అంది. "ఇప్పేదానికి కుదరలేదంట. కొంచేపు నన్ను ఏసుకోమంటా ఉండాది."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నా. నువ్వు అడిగేదీ అదే కదా."

తాళ్ళు ఎలా తెంపానో తెలియదు. నీళ్ళన్నీ ఇద్దరి మీదా పడ్డాయి. మురికి నీళ్ళు, చల్లగా. దాన్ని గట్టిగా పట్టుకున్నాను. "వద్దు తల్లీ. పరీక్ష వద్దు, సీటు వద్దు. నువ్వుండు, సాలు," అన్నాను. ఏడుపు ఆగలేదు. నెలల తరవాత అదీ ఏడ్చింది.

పరిమళ రాగానే అంతా చెప్పాను. ముఖం చూపించకు అని ఎందుకన్నావని నన్ను కొట్టింది. ఓర్చుకున్నాను. పొద్దున్నే మనసు డాక్టరుకు చూపిద్దాం అనుకుని, పిల్లను మధ్యలో వేసుకుని పడుకున్నాం.

తెల్లారి వాన ఆగింది. ఫ్లెక్సును వాకిట్లో పరిచి చూశాను. అముద నవ్వుతోంది. ఒంటి మీద స్కూలు యూనిఫాం. కోటు లేదు. రంగు చెదిరిన మరక కూడా లేదు. ఎందుకో గుండె తేలికైంది. ఆ పిల్లకు విడుదలైందిలే అనుకుని లోపలికి వచ్చాను.

సరణ్య చాప మీద లేచి కూర్చుని ఉంది. భుజాలు ముందుకు వంగిపోయాయి. రెండు చేతుల వేళ్ళూ గుండెల దగ్గర ఏదో వెతుక్కుంటున్నాయి. వేసుకున్నది పాత నైటీ, దానికి గుండీలు లేవు.

"నాయినా... ఇది ఎట్ల ఇప్పేది?"

ఊరడిద్దామని పక్కన కూర్చున్నాను. ఏమీ లేదు తల్లీ అంటూ దాని చేతుల మీద చెయ్యి వేశాను. తడి గుడ్డ తగిలింది. మందంగా ఉంది. దాని మీద ఒక గుండీ.

పరిమళ ఆటో కోసం వీధి చివరికి పరిగెత్తింది. నేను విప్పుతున్నాను. కోటుకు నేను పెట్టింది ఐదు గుండీలు. ఇప్పటికి తొమ్మిది విప్పాను. కింద ఇంకా తగులుతూనే ఉన్నాయి.