పన్నెండు గురువారాల రిమార్కులు

మా తునికిగుట్టలో సెల్‌ఫోన్ అంటే టార్చిలైటు. మాట్లాడాలంటే మాత్రం మంచె ఎక్కాలి. జూలూరుపాడు దాటి అడవిలోకి పోయే దారిలో మా ఊరు ఉందని ఎలుగుబంట్లకు కూడా తెలుసు, టవర్లకే తెలియదు. మా ఊరి రూప్‌సింగ్ ఎండాకాలంలో ఫోన్ చేసి కొడుకుని "బాగున్నవా" అని అడిగితే, "బాగున్న" అనే జవాబు వానలు పడ్డాక వచ్చింది. నమ్మకపోతే రూప్‌సింగ్‌నే అడగండి. ఫోన్‌లో మాత్రం అడక్కండి.

సిగ్నల్ దొరికే ఒకే ఒక్క చోటు, దూలయ్య మొక్కజొన్న చేలో పిట్టల్ని తోలడానికి కట్టిన మంచె. మా రేషన్ షాపు కూడా అక్కడే. బియ్యం కింద, వేలిముద్ర మిషన్ పైన. మిషన్ పట్టుకొని కూర్చునేది దూలయ్య కూతురు శ్రీదేవి. డెబ్బై దాటిన భీమక్క కూడా నెలకోసారి నిచ్చెన ఎక్కి, వేలు పెట్టి దిగాల్సిందే. పోయినసారి మెట్టు జారి ఆమె కాలు బెణికింది. ఆ రోజు నుంచి శ్రీదేవికి ఒకటే పట్టు. టవర్ రావాలి, మిషన్ నేల మీదికి దిగాలి.

అప్పుడే ఒక గురువారం వచ్చాడు చందర్. ఖమ్మంలో ఖానాపురం హవేలి కుర్రాడు. రాష్ట్రంలో ఏ పల్లెకు సిగ్నల్ అందుతుందో, ఏ పల్లెకు అందదో మ్యాపు గీసే సర్వేయరు. ఫోన్ చూపించిన చోట నిలబడి, దాన్ని ఛాతీ ఎత్తులో పట్టుకొని, అయిదు నిమిషాలు కదలకుండా ఉండాలి. ఇలాంటి ఉద్యోగం ఇంతకుముందు చెరువులో కొంగలకే ఉండేది.

ఆ చోటు సరిగ్గా మంచె కిందకొచ్చి పడింది. ఫోన్‌లో తల దూర్చి వస్తున్న మనిషిని చూసి శ్రీదేవి, రేషన్‌కి వచ్చి నిచ్చెన దగ్గర దిక్కులు చూస్తున్నాడనుకుంది.

"ఓ అన్నా, కింద నిలబడి ఏం జేస్తున్నవ్? ఎక్కి వేలు పెట్టు. ఎన్కల ముసలోళ్ళున్నరు."

చందర్ నోరు తెరిచేలోపు రూప్‌సింగ్ వెనక నుంచి ఒక్క తోపు తోశాడు. పైకెక్కాడు. ఆమెను చూసి అయిదు నిమిషాలు కదలకుండా నిలబడిపోయాడు. చెప్పాల్సిందంతా మరిచి మిషన్‌లో వేలు పెట్టాడు. నువ్వెవరో నాకు తెలియదంది మిషన్. చేతిలో సర్వే ఫోన్ మాత్రం కుయ్యిమని, తునికిగుట్టకు నిండు సిగ్నల్ అని రాసేసుకుంది.

సంగతి తెలిసి శ్రీదేవి మొహం వాడిపోయింది. సిగ్నల్ ఉన్న ఊరికి టవరెందుకిస్తారు? తన నోటితో తానే టవర్‌ని తోలేసింది.

"తీసెయ్ దాన్ని."

"ఒకసారి ఎక్కితే తీసేటందుకు రాదు."

ఒక దారి ఉందని చెప్పాడు. ఒకే చోట, వారానికొకటి చొప్పున పన్నెండు రీడింగులు తీయొచ్చు. మిగతా పదకొండూ సున్నాలైతే మొదటిది పొరపాటు కింద పోతుంది.

"అయితే గురువారం గురువారం వచ్చి సున్నా తెచ్చుకో," అంది శ్రీదేవి. సున్నా తెచ్చుకోవడానికి అంత సంబరంగా ఒప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇక్కడ మా ఊరు ఒక తప్పు చేసింది. ఆఫీసర్లు తనిఖీకి వస్తే మాకో పద్ధతి ఉంది. ఊడవడం, సున్నం కొట్టడం, అంతా బాగుందని పంపడం. ఇంత మంచి పిల్లగాడు వారం వారం సున్నాతో తిరిగిపోతుంటే మేం చూడలేకపోయాం. నాలుగో వారం అతను నిలబడే చోట అలికి ముగ్గేశాం. సున్నా. అయిదో వారం మామిడాకుల తోరణం కట్టాం. సున్నా. ఆరో వారం ఇక ఊరి పరువు సంగతని, కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా నలుగురం భుజాల మీదికెత్తాం. ఫోన్‌లో ఒక గీత వెలిగింది. చప్పట్లు కొట్టాం.

శ్రీదేవి మొక్కజొన్న కర్ర పట్టుకొని పరుగెత్తుకొచ్చింది.

"దించుండ్రి. సున్నా వస్తెనే మనం పాస్."

అయిదు నిమిషాలు నిండకముందే కుర్చీ కాలు పట్టి లాగింది. చందర్ ఎక్కడ పడ్డాడని అడక్కండి. మొక్కజొన్న ఏపుగా ఉంది, నాకు కనిపించలేదు. ఇద్దరూ లేచి రావడానికి మాత్రం ఒక రీడింగుకి పట్టేంత సమయం పట్టింది.

ఏడో వారం వాన. అడవి మీద పడి, చేను మీద పడి, చందర్ మీద పడింది. కదిలితే రీడింగు పోతుంది. ఫోన్ తడుస్తుందని శ్రీదేవి గొడుగు పట్టింది. ఫోన్ ఛాతీ దగ్గరుంది, ఛాతీ వెనక మనిషి ఉన్నాడు. ఆమె ఏం చేస్తుంది పాపం.

పన్నెండూ అయ్యాయి. కాగితం అచ్చై గ్రామసభకు వచ్చింది. రిపోర్టు ఊరి ముందు చదవాలి, అభ్యంతరాలు అడగాలి, ఒక్క గడి కూడా ఖాళీ ఉండకూడదని రూలు. చదివింది పంచాయతీ సెక్రటరీ మెహర్ మేడం. ఆమె పెళ్ళి శుభలేఖ చదివినా మోరీల మరమ్మతు చదివినట్టే ఉంటుంది.

ప్రతి రీడింగు పక్కనా రిమార్కుల గడి ఉంది. లోకంలో ఎవరూ చదవని గడి అదేనని చందర్ నమ్మకం. మేడం గొంతు విప్పగానే అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఒకటి. నిండు సిగ్నల్. రిమార్కులు: మంచె మీద మనిషికి నోరు పెద్దది. కళ్ళు ఇంకా పెద్దవి. రెండు. సున్నా. ఇవాళ కూడా అన్నా అని పిలిచింది. బాధాకరం. మూడు. సున్నా. సార్ అన్నది. మెరుగుదల ఉంది."

సభలో వెనక వరసలన్నీ ముందుకు జరిగాయి.

"ఆరు. సున్నా. కుర్చీ మీది నుంచి పడ్డాను. దెబ్బ తగల్లేదు. ఎందుకు తగల్లేదో రాయలేను. ఏడు. సున్నా. వాన. గొడుగు ఒకటే. చాలు. తొమ్మిది. సున్నా. వాళ్ళింట్లో చాయ్ చప్పగా ఉంది. తెచ్చిచ్చిన చెయ్యి బాగుంది."

పదకొండు దాకా చదివి, అభ్యంతరాలున్నవాళ్ళు చెప్పాలంది. దూలయ్య లేచాడు. చందర్ బల్ల కిందికి చూశాడు, పట్టేంత చోటుందా అని.

"నాకున్నది మేడం. తొమ్మిదోదాని మీద. చాయ్ నేను పెట్టిన. చప్పగ లేదు. కొట్టెయ్యిండ్రి."

"మిగతావాటి మీద?"

దూలయ్య కూతురి వైపు తిరిగాడు. "మిగతావి నాకేమెరుక. మంచె మీద కూసున్నది అది గద."

మేడం కాగితం తిప్పింది. పన్నెండో గడి ఖాళీ. ఖాళీగా పంపితే రిపోర్టు తిరిగి వస్తుంది, టవర్ సంగతి మళ్ళీ మొదటికి. ఏం రాయమంటావని చందర్‌ని అడిగింది.

"గురువారాలు అయిపోయినయ్ మేడం. రాద్దామంటె చెయ్యి ఆడలే."

ఊరి చూపంతా శ్రీదేవి మీదికి మళ్ళింది. టవర్, రేషన్, నిచ్చెన, అన్నీ వచ్చి ఆ చిన్న గడిలో కూర్చున్నాయి. భీమక్క బెణికిన కాలు ముందుకు చాపింది.

"ఓ పిల్లా, దీన్ని జూసన్న ఏదో ఒకటి చెప్పు."

శ్రీదేవి ఓణీ చెంగు వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"రాయిండ్రి మేడం. సిగ్నల్ లేదు. అయినా మనిషి వచ్చిండు. ఇంక ముందు గూడ రావాలె."

"ఎన్ని వారాలు?" మేడం కలం ఎత్తకుండానే అడిగింది.

"అది లెక్క రాయకుండ్రి."

అభ్యంతరం ఎవరికీ లేకపోయింది. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేశారు, వచ్చినవాళ్ళు కూడా సంబరంలో వేలిముద్రే వేశారు.

టవర్ రావడానికి ఏడాది పట్టింది. పెళ్ళికి అంత పట్టలేదు. మిషన్ నేల మీదికి దిగిన మొదటి రోజు భీమక్క కుర్చీలో దొరసానిలా కూర్చొని వేలు పెట్టింది. ఆ తర్వాత శ్రీదేవి చందర్‌ని పిలిచింది. ఈసారి అన్నా అనలేదు, సార్ అనలేదు, ఏమని పిలిచిందో మాకు వినిపించనివ్వలేదు.

అతను వేలు పెట్టాడు. మిషన్ కాస్త ఆలోచించి పేరు చూపించింది. తునికిగుట్ట రేషన్ కార్డులో, శ్రీదేవి పేరు కింద.